మా పేరు మీద మొక్కినవాడు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మొన్న మా పెద్దమామ పోయినప్పుడు ఆ సామెత నా కళ్ళ ముందే నిజమైంది. బతికున్నన్నాళ్ళూ ఆయన నోటికి జడిసి దూరం నడిచినవాళ్ళంతా వచ్చి, శవం పక్కన నిలబడి, "ఏం మనిషి, అసొంటి మనిషి మళ్ల పుడ్తడా" అని ముక్కు చీదారు. నేను అనలేదు. ఆయనవి చారెడు కళ్ళేమీ కావు. చిన్నవి, ఎదుటివాళ్ళ ఇంట్లో ఏం ఉడుకుతోందో చూడటానికి సరిపోయేంత కళ్ళు. ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెబుతున్నాను.

మా ఆయనకు ఆయన పెదనాన్న. మా ఆయన ఏడేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు మా మామగారు పోయారు. ఆ తర్వాత రెండేళ్ళకు అత్తమ్మ కూడా పోయింది. తన ఇద్దరు కొడుకులతో పాటు ఈయన్ని కూడా కూర్చోబెట్టి అన్నం పెట్టి పెంచాడు పెద్దమామ. కాదని ఎవరన్నా అంటే నేనే పోట్లాడతాను. కానీ పెట్టిన అన్నాన్ని ఆయన ఏ రోజూ మరచిపోలేదు, మమ్మల్ని మరవనివ్వలేదు. ఒంటరివాడై అలా చేశాడా అంటే అదీ కాదు. కొడుకులు, కోడళ్ళు, నలుగురు మనవలు, నాలుగు బర్రెలు, ఇంటి నిండా సందడే. అంత మందిలో ఒక్కడు చేతి కింద నుంచి జారిపోతే ఆయనకు పొద్దు గడవలేదు.

మేము వరంగల్‌కు వచ్చి నాలుగేళ్ళు. కడుపు మాడి రాలేదు. మా ఆయన ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని నేర్చుకున్నాడు, కేసముద్రం అవతల మా ఊళ్ళో ఏసీలు ఎవరికున్నాయి? శివనగర్‌లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నాకు చౌరస్తా దగ్గర చీరల కొట్లో పని దొరికింది. పాపకు అప్పుడు మూడేళ్ళు.

ఆ మొదటి రోజుల సంతోషం గురించి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది తలుపు. లోపలి నుంచి గడియ పెట్టుకుంటే ఇక ఎవరూ రారు. మంగళవారం కోడికూర వండుకున్నా గల్లీలో ఎవరికీ పట్టదు. మా ఊళ్ళో నేను గాజులు మార్చుకుంటే పొద్దుగూకేలోపు మూడు వాడలకు తెలిసేది. ఇక్కడ ఆదివారం ఏడింటి దాకా పడుకున్నాను, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి. రెండుసార్లు మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడి స్కూటీ నేర్చుకున్నాను. ముగ్గురం దాని మీద భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయి, మిర్చి బజ్జీలు తిని, పాప ఐస్‌క్రీమ్ నా చీర మీద కారిస్తే నవ్వుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. మా ఆయన కూనిరాగాలు తీస్తాడని నాకు వరంగల్ వచ్చాకే తెలిసింది. ఊళ్ళో ఉన్న ఐదేళ్ళూ ఆయన గొంతే సరిగా వినలేదు నేను.

అలాంటి ఇంటి మీదికి పెద్దమామ వచ్చేవాడు. ముందుగా ఫోన్ చేయడం ఆయన ఎరగడు. కేసముద్రం మార్కెట్‌లో మిర్చి అమ్ముకున్న రోజు, పత్తి అమ్ముకున్న రోజు, ఏదీ అమ్ముకోని రోజు కూడా, ప్యాసింజర్ బండెక్కి దిగేవాడు. తలుపును చేత్తో కొట్టేవాడు కాదు, చేతికర్రతో గ్రిల్లును గరగరా గీకేవాడు. ఆ చప్పుడుకు కింది ఇంటి కుక్క మొరిగేది.

చెప్పులు బయట విడిచేవాడు కాదు. చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి సోఫా కింద దాచేవాడు. "పట్నంల చెప్పులు గూడ నిలువయి" అనేవాడు. నేను ముచ్చటపడి కొనుక్కున్న సోఫా పక్కనే తువ్వాలు పరుచుకుని కింద కూర్చునేవాడు. మా నీళ్ళు ముట్టేవాడు కాదు. ఎప్పటిదో కూల్‌డ్రింక్ సీసాలో ఊరి నీళ్ళు తెచ్చుకుని, మా ముందు గటగటా తాగి, మూతి తుడుచుకుని, మా వైపు జాలిగా చూసేవాడు. ఆ తర్వాత లేచి వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీసేవాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి, "ఇయ్యి బియ్యమేనా పిల్లా?" అనేవాడు. ఆయనకు నేను పిల్లను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా పేరు ఒక్కసారి కూడా ఆయన నోట పలకలేదు.

"ఇది ఇల్లు గాదు, టేషను" అని ఆయన తీర్పు. "మనుషులు దిగుతాన్రు, ఎక్కుతాన్రు. ఒకని మొకం ఒకనికి ఎరుకలేదు."

వెళ్ళేటప్పుడు గడపలో నిలబడి ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు. "ఇగ ఎన్నొద్దులు?" ఇంకా ఎన్ని రోజులు అని, జైల్లో ఉన్నవాళ్ళను అడిగినట్టు. మా ఆయన తల వంచుకుని, "చూద్దాం పెద్దబాపు" అనేవాడు. ఆయన వెళ్ళాక ఆ పూట ఇంట్లో కూనిరాగం ఉండేది కాదు.

అక్కడితో ఆగితే నేను ఇంత రాసేదాన్ని కాదు. మేము సుఖంగా ఉన్నామని ఊళ్ళో తెలియడం ఆయనకు ఇష్టం లేదు. పోరగాడు పుల్లలా అయిపోయాడని, పాలు కొనలేక పిల్లకు చాయ్ పోస్తున్నారని, నేను కొట్లో నిలబడీ నిలబడీ కాళ్ళు వాచి మంచం పట్టానని రచ్చబండ దగ్గర కూర్చుని చెప్పాడట. ఒక ఆదివారం మేము ముగ్గురం మంచి బట్టలు వేసుకుని సినిమాకు బయలుదేరుతుంటే, మెట్ల మీద బియ్యం మూట దించుకుని ఒగరుస్తూ పెద్దత్త కనిపించింది. పెద్దమామ భార్య. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుని, "నా బిడ్డా, ఎంత గోస పడుతాన్రే" అని ఏడుపు అందుకుంది. కింది ఇంటివాళ్ళు బయటికి వచ్చారు. నా తలలో మల్లెపూలు, పెదాలకు రంగు. నేను ఆమె భుజం మీద నుంచి మా ఆయన్ని చూశాను. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక బియ్యం మూట ఎత్తుకున్నాడు.

పెద్దత్త మంచిది. ఏడుపు ఆపి, ఇల్లంతా తిరిగి చూసి, ఫ్రిజ్ తలుపు రెండుసార్లు తీసి మూసి, "మరి గీయన గట్లెందుకు చెప్పిండే?" అంది. ఆమెనూ సినిమాకు తీసుకుపోయాం. సగం పాప్‌కార్న్ ఆమే తింది. ఫైటింగ్ వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని, పాట రాగానే తెరిచింది. వచ్చే ఆదివారం కూడా వస్తానంది. ఊరికి పోయి చూసింది చూసినట్టు చెప్పేసరికి పెద్దమామ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదట. అబద్ధం బయటపడిందని కాదు కోపం, తన పెళ్ళాం మా ఇంట్లో నవ్విందని.

ఇక్కడి దాకా అయితే ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకునేదాన్ని. పోయిన వానాకాలం చేసినదాన్ని మాత్రం ఏ పేరు పెట్టి మన్నించాలో నాకు తెలియదు.

పాపకు డెంగీ జ్వరం వచ్చింది. హన్మకొండలో ఒక దవాఖానలో చేర్చాం. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఐదు రోజులు నేను ఆ మంచం పక్క నుంచి కదల్లేదు. పెద్దమామ రెండో రోజే వచ్చాడు. వార్డులోకి రాలేదు. మెట్ల కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పెట్టింది తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఆ మూడు రోజులు ఆయన్ని చూస్తే నాకు కోపం రాలేదు, ఒప్పుకుంటున్నాను. ఐదో రోజు పొద్దున పాప లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. ఇక ఫికర్ లేదన్నాడు డాక్టరు. నేనూ మా ఆయనా ఒకరి చేయి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. అప్పుడు వచ్చాడు పెద్దమామ లోపలికి. మంచం కాళ్ళ దగ్గర కర్ర ఆనించి నిలబడ్డాడు.

"సమ్మక్క తల్లికి మొక్కిన" అన్నాడు. "పిల్ల లేచి కూసుంటె ముగ్గురిని మళ్ల ఊళ్లె కాపురం పెట్టిస్త, జాతరకు మన ఊరి నుంచే బండి కడ్త తల్లీ అని మొక్కిన. తల్లి నా మాట ఇన్నది. ఇగ మాట నిలవెట్టుడు మీ వంతు."

మా ఆయన ముఖం తెల్లబోయింది.

మొక్కు సంగతి తెలియనివాళ్ళకు ఇది చిన్న మాటలా ఉండవచ్చు. మా వైపు ఎవరి పేరు మీద మొక్కితే వాళ్ళే తీర్చాలి. అందులోనూ మా ఆయన ఇంట్లో దాని భయం వేరే ఉంది. మా మామగారు కూడా మేడారంలోని ఆ సమ్మక్క తల్లికే నిలువెత్తు బంగారం మొక్కాడట. మేడారంలో బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరితూచి ఇస్తారు. మొక్కి, రెండేళ్ళకొకసారి వచ్చే జాతరలు రెండు దాటేశాడట. మూడో జాతర రాకముందే పొలంలో మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. మొక్కు తప్పినందుకే తల్లి తీసుకుపోయిందని మా ఆయనకు ఏడేళ్ళప్పుడు చెప్పారు. తండ్రి పేరెత్తితే నలుగురిలో తల వంచుకోవడం ఆయనకు అప్పటి నుంచే అలవాటు. కళ్ళ ముందు పాప ఇడ్లీ తింటుంటే ఆ భయం ఎలా కరిచిందో ఆయన ముఖంలోనే చూశాను.

నేను ముందుకు వచ్చి ఎదురు నిలబడ్డాను. "మొక్కింది నువ్వు పెద్దమామా. మమ్ముల అడిగి మొక్కినవా? నా కాపురం ఏడ ఉండాల్నో నువ్వెట్ల రాసిస్తవ్ తల్లికి?"

ఆయన నా వైపు చూడనే లేదు. పాప తల నిమిరాడు. "నువ్వు కొట్లాడుతాన్నది నాతోని గాదు పిల్లా, తల్లితోని. జర పైలం."

ఆ మాట విన్నాక పాపకు మళ్ళీ ఏమన్నా అయితే అది నా నోటి పాపమే అయి ఉండేది. అంత లెక్కగా కట్టాడు ముడి.

అప్పటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. జాతరకు ముందే ఊరికి రావాలని గడువు పెట్టాడు. పాప తుమ్మితే మా ఆయన ఉలిక్కిపడేవాడు, దగ్గితే రాత్రంతా ఫ్యాను ఆపి కూర్చునేవాడు. కట్ట మీదికి పోవడం మానేశాం. నాకు చెప్పకుండానే ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తామని చెప్పి వచ్చాడు. పాప బడిలో టీసీ అడిగాడు. "ఊళ్లె నేనేం జెయ్యాలె?" అంటే, "ముందు పిల్ల ఉండాలె గదనే" అన్నాడు. దానికి ఏ తల్లి జవాబు చెబుతుంది? కొట్లో చీరలు మడతపెడుతూ నేను లోపల్లోపల పెద్దమామను తిట్టని గంట లేదు. మనిషి చావు కోరకూడదు, కోరలేదు. కానీ ఆయన గ్రిల్లు గీకిన ప్రతిసారీ, ఈ కర్ర విరగదేం అనుకున్నాను.

పోయిన నెల ఒక గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. చాయ్ తాగి గిన్నె కింద పెట్టాడట, అలాగే ఒరిగిపోయాడట. పాపను తీసుకుని వెళ్ళాం.

వాకిట్లో పడుకోబెట్టారు. మా ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు లేవు. ఇద్దరు పెద్దమనుషుల ముందు శవం పాదాలు పట్టుకుని, "దినాలు కాంగనె వస్త పెద్దబాపు. నీ మాట పోనియ్య" అన్నాడు. జాతర దాకా కూడా ఆగడట. అందరూ తలలాడించారు. పోతూ పోతూ కూడా గెలిచాడు అనుకున్నాను.

ఆ తర్వాత మగవాళ్ళు పాడె కట్టడానికి బయటికి పోయారు. ఆడవాళ్ళం శవం చుట్టూ కూర్చున్నాం. పెద్దత్త శోకం అందుకుంది. మా వైపు శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయినవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ మంచీ చెడూ వాళ్ళకే రాగం తీసి చెప్పుకోవడం. మగవాళ్ళు ఆ మాటలు వినరు. వాళ్ళకు అది వానచప్పుడు. ఆడవాళ్ళు మాత్రం ఒక్క మాట వదలరు.

"ఓ నా రాజా, తెగిన వైరు మార్పియ్యమని తమ్ముడు పదిమాట్ల చెప్తె ఇనకపోతివి. తమ్ముడు పోయిన్నాడే దేవుని పటాలు తీసి అటుక మీద పడేస్తివి. చెయ్యెత్తి ఒక దేవునికి మొక్కకపోతివి. మేడారం తొవ్వ తొక్కకపోతివి, గొడ్లకాడ మనిషుండాలె అంటివి. మొక్కని మొక్కు మొక్కినంటివి, పోరగాన్ని బెదిరిస్తివి. తప్పయిందే అని నాతోని అంటివి, ఆనితోని అనకపోతివి రాజా..."

పక్కనే కూర్చున్న తోడికోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ముందుకు జరిగి ఆమె చెవి దగ్గర అడిగాను. "అత్తా, మొక్కలేదా?"

పెద్దత్త శోకం ఆపింది. కళ్ళు తుడుచుకుని, ఉప్పు ఉందా అంటే లేదన్నంత మామూలుగా చెప్పింది. "ఏడ మొక్కిండు బిడ్డా. దవాఖాన మెట్ల కింద కూసొని ఆలోచన చేసిండట."

నేను లేచాను. చెప్పకూడదు అనుకోవడానికి నాకు చాలా కారణాలు ఉన్నాయి. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. ఆయన కొడుకులు బయట వెదురు కడుతున్నారు. మా ఆయన్ని పెంచింది ఈ చేతులే. పది రోజులు ఆగి, వరంగల్‌కు పోయి, గడియ పెట్టుకుని చెప్పవచ్చు. కానీ ఆ పది రోజుల్లో ఈయన ఇంకెంతమంది ముందు మాట ఇస్తాడో నాకు తెలుసు. ఇచ్చిన మాట దాటే మనిషి కాదు. ఆ సంగతి పెద్దమామకూ తెలుసు.

ఆడవాళ్ళు రాని చోటికి, పాడె కట్టే దగ్గరికి పోయి నిలబడ్డాను. "ఆయన మొక్కలేదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అబద్ధం చెప్పిండు. పెద్దత్తనడుగు పో."

తాళ్ళు బిగిస్తున్న చేతులు ఆగాయి. పెద్ద కొడుకు లేచాడు. "శవం లేవకముందే ఏం మాటలు వదినా ఇయ్యి? సిగ్గులేదా?" అన్నాడు. ఒక పెద్దమనిషి, "పట్నం పోయినంక నోరు లేసింది" అన్నాడు. లేచింది. లేచిన నోటితోనే మళ్ళీ చెప్పాను. "లోపలికి పోయి అడుగున్రి."

మా ఆయన అడిగాడు. అందరి ముందూ, పెద్దత్త ఎదురుగా గొంతుక్కూర్చుని, చిన్నపిల్లవాడిలా అడిగాడు. ఆమె భర్త ముఖం వైపు ఒకసారి చూసింది. "మొక్కలేదు కొడుకా" అంది. అంతే. మళ్ళీ శోకం అందుకుంది.

మా ఆయన లేచి వచ్చి పాడె కింద భుజం పెట్టాడు. శ్మశానం దాకా మార్చుకోకుండా మోశాడని చెప్పారు. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇంట్లో మరెవరూ కూడా మాట్లాడలేదు. మూడో రోజు పోయినాయన పేరున పిట్టకు ముద్ద పెట్టి, తలంటుకుని, సాయంత్రం ప్యాసింజర్ ఎక్కాం. నన్ను చూసి తోడికోడళ్ళు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ. చచ్చినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను, ఇంకా దించలేదు.

బండిలో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నెక్కొండ దాటాక ఇటు తిరిగాడు.

"మా నాయిన మొక్కు తప్పిండని నాకు ఎవలు చెప్పిన్రో ఎరుకేనా?" అన్నాడు.

"ఎవలు?"

"పెద్దబాపే. ఇంకెవలు చెప్పలే. అమ్మను ఎప్పుడడిగినా ఏం మాట్లాడకపోయేది."

పెద్దత్త శోకంలో మొదటి మాట నేను ఆయనకు చెప్పనే లేదు. మొక్కు గొడవలో అది నాకే తోచలేదు. ఇప్పుడు చెప్పాను. మోటరు వైరు తెగిందని, మార్పించమని మామగారు పదిసార్లు అడిగారట, అన్న వినలేదట అని.

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని, బండిలో అందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దబాపు కోసం కాదు. ఏ మొక్కూ తప్పకుండానే పోయిన తన తండ్రి కోసం, ఇన్నేళ్ళ తర్వాత.